సొంత గోధుమలు తిన్నా వ్యాపారమేనట!

అమెరికాలో తుపాకుల చట్టమైనా, గంజాయైనా, ఆరోగ్య బీమా అయినా, అందులో వేలు పెట్టే హక్కు వాషింగ్టన్‌కు ఎక్కడిదని ఎవరైనా అడిగితే లాయర్లు చాలాసార్లు చూపించేది రాజ్యాంగంలోని కామర్స్ క్లాజ్‌నే. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) నియంత్రించవచ్చు అని అందులో ఉంటుంది. మన ఏడో షెడ్యూల్‌లా కేంద్రానికి ఇవి, రాష్ట్రాలకు ఇవి అని పద్దు రాసిపెట్టలేదు (రాసిపెట్టినా మన దగ్గర తగువులు ఆగలేదనుకోండి). "రాష్ట్రాల మధ్య" అంటే ఎంత వరకు అన్నదే రెండు వందల ఏళ్ల పేచీ.

మొదటి పెద్ద కేసు 1824లో, స్టీమర్లది. న్యూయార్క్ తన నీళ్లలో పడవలు నడిపే గుత్తహక్కును కొందరికే ఇస్తే, పడవ ప్రయాణం కూడా వాణిజ్యమేనని చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ తేల్చి, ఫెడరల్ లైసెన్సు ఉన్నవాడిని ఆపకూడదన్నాడు. తర్వాత సుప్రీం కోర్టు కాంగ్రెస్ అధికారం మీద పట్టు బిగించింది. బాలకార్మికులతో చేయించిన సరుకును రాష్ట్రం దాటనివ్వని చట్టాన్ని 1918లో కొట్టేసింది, తయారీ వేరు వాణిజ్యం వేరట! 1935లో బ్రూక్లిన్ కోళ్ల వ్యాపారుల కేసులో అధ్యక్షుడు రూజ్వెల్ట్ తెచ్చిన పరిశ్రమల నియంత్రణ చట్టం కూడా పోయింది. ఆయనకు ఒళ్లు మండి, 1937లో కోర్టులో జడ్జీల సంఖ్య పెంచుతానన్నాడు. అది సాగలేదు గానీ, అదే ఏడాది కోర్టు 5-4తో కార్మిక చట్టాన్ని నిలబెట్టి దారి మార్చుకుంది.

అసలు విచిత్రం 1942 నాటిది. ఒహాయోలో రాస్కో ఫిల్‌బర్న్ అనే రైతుకు ఆవులూ కోళ్లూ ఉండేవి. గోధుమ ధర పడిపోకుండా ప్రభుత్వం ఆయనకు 11.1 ఎకరాల కోటా ఇస్తే, ఆయన 23 ఎకరాలు వేశాడు. అదనంగా పండింది 239 బుషెళ్లు, మన లెక్కలో దాదాపు 65 క్వింటాళ్లు. బుషెల్‌కు 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా పడింది. నా పశువులకు మేత, నా ఇంటికి పిండి, ఇందులో వ్యాపారం ఎక్కడుంది అన్నాడాయన. కోర్టు ఏమందంటే, నువ్వు పండించుకున్నావు కాబట్టి బజార్లో కొనవు, నీలాగే అందరూ చేస్తే దేశమంతా ధర కదులుతుంది కదా అని. లెక్క తప్పని చెప్పలేం, కానీ ఆ లెక్కన పెరట్లో బెండకాయ కూడా మిగలదు!

అదే సాగదీత మంచికీ పనికొచ్చింది. నల్లజాతివాళ్లకు గది ఇవ్వనన్న అట్లాంటా మోటెల్ మీద 1964లో పౌరహక్కుల చట్టం గెలిచింది ఈ క్లాజ్ బలంతోనే. వివక్ష తప్పని చెప్పడానికి వ్యాపారం మీదుగా చుట్టు తిరిగి రావాల్సి రావడం ఏమిటో!

1995లో మాత్రం బ్రేక్ పడింది. స్కూలుకు తుపాకీ తెచ్చిన శాన్ ఆంటోనియో కుర్రాడి కేసులో, తుపాకీ వల్ల చదువు, చదువు వల్ల ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటాయని ప్రభుత్వం వాదిస్తే, కోర్టు 5-4తో ఒప్పుకోలేదు, స్కూళ్ల దగ్గర తుపాకీ వద్దన్న కేంద్ర చట్టాన్ని కొట్టేసింది. అలాగని ఫిల్‌బర్న్ తీర్పు పోలేదు. 2005లో కాలిఫోర్నియాలో రోగులు మందుగా ఇంట్లో పెంచుకున్న గంజాయి మొక్కలకూ దాన్నే వర్తింపజేశారు.

2012లో, అందరూ ఆరోగ్య బీమా కొనాలన్న ఒబామా చట్టం వంతు. కొననివాడితో కొనిపించడం వాణిజ్య నియంత్రణ కిందికి రాదని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ అన్నాడు, బీమా లేనివాళ్లు కట్టే మొత్తాన్ని పన్నుగా లెక్కేసి చట్టాన్ని బతికించాడు. ఆ పన్నును కాంగ్రెస్ 2017లో సున్నా చేసేసింది.