ఆటక్స్ హైస్కూలు కథ: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ, తాతయ్య ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్‌లో ట్రిపుల్ డబుల్ అంటే ఏంటి, దాంట్లో అందరికంటే గొప్పవాడు ఎవరు అని అడిగారు కదా. మామూలుగా ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అసిస్టులు (తోటివాడు బుట్టలో వేసేలా బంతి అందించడం) మూడూ పదికి తగ్గకుండా సాధిస్తే దాన్ని ట్రిపుల్ డబుల్ అంటారు. ఒక మ్యాచ్‌లో చేయడమే కష్టం. 1961-62 సీజన్ మొత్తానికీ సగటున అలా ఆడినవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. మ్యాచ్‌కి 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మళ్లీ ఇంకొకరు ఆ పని చేయడానికి 55 ఏళ్లు పట్టింది.

మీ ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ ఆయన పేరు తలిచాక ఆయన చదివిన స్కూలు గురించి చెప్పకుండా ఉత్తరం ముగించడం నాకు చేతకాదు. కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ స్కూలు పేరు క్రిస్పస్ ఆటక్స్ హైస్కూలు. అమెరికాలో ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో ఉంది. జనం కట్టే పన్నులతో నడిచే ప్రభుత్వ స్కూలే. 1920ల మొదట్లో ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలు హైస్కూలుకి వచ్చేసరికి తెల్లపిల్లలతో కలిసే చదివేవారు. షార్ట్‌రిడ్జ్, ఆర్సెనల్ టెక్నికల్, మాన్యువల్ అని మూడు హైస్కూళ్లు ఉండేవి. నల్లవాళ్ల పిల్లలు తమ పిల్లల పక్కన కూర్చోవడం కొందరికి నచ్చలేదు. వాళ్లకి వేరే హైస్కూలు కట్టించమని స్కూలు బోర్డు మీద ఒత్తిడి తెచ్చారు. 1922లో బోర్డు సరేనంది. ఆ రోజుల్లో ఇండియానాలో కూ క్లక్స్ క్లాన్ అనే జాతి ద్వేషుల సంఘానికి చాలా బలం ఉండేది. ఊరి రాజకీయాల్లో వాళ్ల మాట చెల్లేది.

నల్లవాళ్లు ఊరుకున్నారని అనుకోకండి. ఆర్చీ గ్రేట్‌హౌస్ అనే ఆయన పేరు మీద కోర్టుకి వెళ్లారు. 1926లో ఆ కేసు ఓడిపోయారు. స్కూలు కట్టడం ఆపలేకపోయారు కానీ, ఒక సంగతిలో మాత్రం పట్టు వదల్లేదు. స్కూలుకి మొదట థామస్ జెఫర్సన్ పేరు పెట్టాలనుకున్నారు. జెఫర్సన్ దేశాధ్యక్షుడే, స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడే. కానీ ఆయన ఇంట్లో నల్లవాళ్లు బానిసలుగా బతికారు. ఆ పేరున్న గేటులోంచి మా పిల్లలు రోజూ లోపలికి వెళ్లాలా అని పెద్దలు సంతకాలు సేకరించి అర్జీలు పెట్టారు. చివరికి క్రిస్పస్ ఆటక్స్ పేరు ఖాయమైంది. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపినప్పుడు చనిపోయిన నావికుడు ఆటక్స్. ఆయన తండ్రివైపు, తల్లివైపు ఆఫ్రికా మూలాలు, అమెరికా ఆదివాసీ మూలాలు కలిసి ఉన్నాయని చెబుతారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో మొదట నేలకొరిగినవాడిగా ఆయన్ని తలుచుకుంటారు. స్కూలు ఎక్కడ కట్టాలో, ఎవరి కోసం కట్టాలో వాళ్ల చేతిలో లేదు. పేరు మాత్రం వాళ్లే సాధించుకున్నారు.

1927 సెప్టెంబరులో స్కూలు తెరిచారు. మిగతా మూడు హైస్కూళ్ల తలుపులు నల్లపిల్లలకి మూసేశారు. ఊరికి ఏ మూల ఉన్నా సరే, ఇక్కడికే రావాలి. అనుకున్నదానికంటే ఎక్కువమంది పిల్లలు మొదటి రోజు నుంచే వచ్చేసరికి గదులు చాలలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం. చాలామంది దీన్ని దాటేసి నేరుగా బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోతారు. ఆ కాలంలో నల్లవాళ్లు ఎంత పెద్ద చదువు చదివినా యూనివర్సిటీలు ఉద్యోగం ఇచ్చేవి కావు. ఎంఏలు, డాక్టరేట్లు చేసినవాళ్లు పని కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. ఆటక్స్ మొదటి ప్రిన్సిపాల్ మథాయస్ నోల్‌కాక్స్ దేశం నలుమూలల నుంచీ అలాంటివాళ్లని పిలిపించి టీచర్లుగా పెట్టుకున్నాడు. 1930 నుంచి 1957 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రస్సెల్ లేన్ అదే దారిలో నడిచాడు. అంటే కాలేజీలో పాఠాలు చెప్పాల్సిన పండితులు హైస్కూలు పిల్లలకి లెక్కలు, చరిత్ర, సంగీతం నేర్పారు. తక్కువ చూపుతో కట్టిన స్కూల్లో ఊళ్లోని మంచి టీచర్లు చాలామంది చేరారు. 'చూశారా, చెడులోంచి మంచి పుట్టింది' అని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను అలా అనను. ఆ చెడు చేసినవాళ్లకి ఇందులో ఏ భాగమూ లేదు. మంచి చేసింది ఆ టీచర్లు, పిల్లలు.

ఇక ఆటలు. ఇండియానాలో బాస్కెట్‌బాల్ అంటే జనానికి పిచ్చి. రాష్ట్రంలో చిన్నా పెద్దా స్కూళ్లన్నీ, 700కు పైగా, ఒకే టోర్నమెంటులో ఆడేవి. చిన్న స్కూళ్లకి వేరు, పెద్ద స్కూళ్లకి వేరు అనే విభాగాలు అప్పుడు లేవు. కానీ టోర్నమెంటు నడిపే సంఘం 1942 దాకా నల్లజాతి స్కూళ్లని, చర్చి స్కూళ్లని చేర్చుకోలేదు. అన్నేళ్లూ ఆటక్స్ జట్టు ఆడదామంటే ఎదురుగా జట్టే దొరికేది కాదు. పక్క రాష్ట్రాల్లోని నల్లజాతి స్కూళ్లతో ఆడటానికి దూరాలు ప్రయాణం చేసేవారు.

సంఘంలో చేరాక కూడా ఇబ్బందులు తీరలేదు. స్కూలు జిమ్ చిన్నది. జనం కూర్చుని చూసే పెద్ద మ్యాచ్‌లు పెట్టే వీలు లేదు. అందుకని ఎప్పుడూ ఎదుటివాళ్ల ఊళ్లో, లేదా బట్లర్ యూనివర్సిటీ ఫీల్డ్‌హౌస్‌లో ఆడేవారు. రెఫరీలు ఎటువైపు విజిల్ ఊదుతారో ముందే తెలిసినట్టు ఉండేది. పాత కోచ్ ఫిట్జ్‌హ్యూ లయన్స్ గొడవలు రాకూడదని పిల్లల్ని ఒద్దికగా, నెమ్మదిగా ఆడించేవాడు. 1950లో కోచ్ అయిన రే క్రో ఆట తీరే మార్చేశాడు. వేగం, ఎగిరి షాట్లు కొట్టడం, కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగు. అయితే మర్యాదలో మాత్రం లయన్స్ కంటే కఠినం. రెఫరీతో వాదించకూడదు, కొట్టినా తిరిగి కొట్టకూడదు, మార్కులు తగ్గితే జట్టులో చోటు లేదు. చివరి నిమిషంలో రెఫరీ తీర్పు మీద గెలుపు ఆధారపడకుండా, ముందే పాయింట్లలో అందనంత దూరం వెళ్లిపోవాలని నేర్పించాడు. పిల్లల ఇళ్లకి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడేవాడు. ఏడు సీజన్లలో 179 గెలుపులు, 20 ఓటములు ఆయన లెక్క.

మొదటి సీజన్‌లోనే, 1951లో, ఆండర్సన్ జట్టు మీద 81-80తో గెలిచారు. ఆఖరి షాట్ వేసింది బెయిలీ రాబర్ట్‌సన్, మన ఆస్కార్ అన్న. ఆ ఏడు రాష్ట్రంలో చివరి నాలుగు జట్ల దాకా వెళ్లారు. ఆ జట్టులోని విల్లీ గార్డ్‌నర్, హాలీ బ్రయంట్ తర్వాత ప్రదర్శన మ్యాచ్‌లతో పేరుపొందిన హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ జట్టుకి ఆడారు. 1953లో ఇండియానా రాష్ట్రంలోకెల్లా మేటి హైస్కూలు ఆటగాడికి ఇచ్చే 'మిస్టర్ బాస్కెట్‌బాల్' బిరుదు బ్రయంట్‌కి వచ్చింది.

అన్నల ఆట చూస్తూ పెరిగినవాడు ఆస్కార్. 1938లో టెనెస్సీలో పుట్టాడు, చిన్నప్పుడే వాళ్ల కుటుంబం ఇండియానాపోలిస్ వచ్చేసింది. బంతి కొనుక్కునే స్తోమత లేక టెన్నిస్ బంతుల్ని, గుడ్డ పీలికలని రబ్బరు బ్యాండ్లతో చుట్టి, ఇంటి వెనక కట్టిన పీచ్ పండ్ల బుట్టలో వేసి ప్రాక్టీస్ చేశాడు. ఇంటి దగ్గర దుమ్ము లేచే ఒక ఆటస్థలం ఉండేది, దాని పేరే డస్ట్ బౌల్. పెద్దవాళ్లతో పోటీపడి అక్కడే ఆట నేర్చుకున్నాడు.

1954లో ఆటక్స్‌ని మిలన్ అనే పల్లెటూరి స్కూలు 65-52తో ఓడించి, చివరికి రాష్ట్ర చాంపియన్ అయింది. ఆ చిన్న ఊరి గెలుపు ఎంత ప్రసిద్ధమైందంటే, దాని స్ఫూర్తితో తర్వాత సినిమా కూడా వచ్చింది. మిలన్ పిల్లల గెలుపు నిజంగా గొప్పదే. కానీ ఆ తర్వాతి ఏడాది జరిగింది ఇంకా గొప్పదని నా అభిప్రాయం. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

1955లో ఆటక్స్ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ ఓడింది, అదీ ఒక్క పాయింటు తేడాతో. టోర్నమెంటులో మన్సీ సెంట్రల్‌తో ఆట, ఆటక్స్ 71-70తో ముందున్నప్పుడు, ఊపిరి బిగపట్టేలా సాగింది. ఆఖరి సెకన్లలో ఎదుటివాళ్లు విసిరిన పాస్‌ని ఆస్కార్ మధ్యలో అందుకున్నాడు. టైమ్ అయిపోయేలా బంతిని పైకప్పు వైపు విసిరేశాడు. మార్చి 19న ఫైనల్. ఎదురుగా ఉన్నది గ్యారీ రూజ్‌వెల్ట్, అదీ నల్లజాతి స్కూలే. ఆటక్స్ 97, రూజ్‌వెల్ట్ 74. జాతి తేడా లేకుండా అందరూ ఆడే రాష్ట్ర టోర్నమెంటులో గెలిచిన మొదటి నల్లజాతి స్కూలు, మొత్తం అమెరికాలోనే, ఆటక్స్. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇండియానాపోలిస్ ఊరికి అప్పటిదాకా ఒక్క రాష్ట్ర టైటిల్ కూడా లేదు. ఆ ఊరికి మొదటి టైటిల్ తెచ్చింది, ఆ ఊరే వెలివేసినట్టు వేరుగా పెట్టిన పిల్లలు.

గెలిచిన జట్టుని ఫైర్ ఇంజన్ మీద ఊరేగించి, నడిబొడ్డున ఉన్న మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర సంబరం చేయడం అక్కడి ఆనవాయితీ. ఆటక్స్ పిల్లల్ని సర్కిల్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఆగనివ్వకుండా నల్లవాళ్ల పేటలోని నార్త్‌వెస్టర్న్ పార్కుకి పంపేశారు. సంబరం మీరు మీ దగ్గరే చేసుకోండి అన్నట్టు. పదహారేళ్ల ఆస్కార్ ఆ రాత్రి పార్కులో ఎక్కువసేపు ఉండలేక నాన్న దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ బాధ గురించి ఆయన పెద్దయ్యాక కూడా దాచుకోకుండా మాట్లాడాడు. 'గెలిస్తే అన్నీ సర్దుకుంటాయి' అని మీకు ఎవరైనా చెబితే, ఈ రాత్రి సంగతి వాళ్లకి చెప్పండి. 2015లో, 60 ఏళ్ల తర్వాత, ఊరి పెద్ద పండగ అయిన ఇండీ 500 కార్ల రేసు పరేడ్‌కి ఆ 1955 జట్టునే ముందు నడిచే అతిథులుగా పిలిచారు. అప్పటికి వాళ్లంతా డెబ్భై దాటినవాళ్లు. పిలిచినందుకు సంతోషమే. అంత ఆలస్యమైనందుకు నాకు ఇప్పటికీ కోపమే.

1956లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, 31కి 31 గెలిచి మళ్లీ చాంపియన్లయ్యారు. ఇండియానా చరిత్రలో ఓటమి ఎరగని మొదటి చాంపియన్ జట్టు అది. ఆ ఏడు మిస్టర్ బాస్కెట్‌బాల్ ఆస్కార్. 1959లో కోచ్ బిల్ గ్యారెట్ చేతుల మీదుగా మూడో టైటిల్ వచ్చింది.

ఆస్కార్ తర్వాతి జీవితం మీరు వెతికి చదువుకోవచ్చు: 1960 రోమ్ ఒలింపిక్స్ స్వర్ణం, 1964లో ఎన్‌బీఏ మేటి ఆటగాడి బహుమతి, 1971లో మిల్వాకీ బక్స్‌తో చాంపియన్‌షిప్. వాటికంటే నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది. అప్పట్లో ఒక క్లబ్ తీసుకున్న ఆటగాడు ఆ క్లబ్ వదిలితే తప్ప ఇంకో చోటికి వెళ్లలేడు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా ఆస్కార్ 1970లో దాని మీద కేసు వేశాడు. 1976లో రాజీ కుదిరింది. ఈరోజు మీరు టీవీలో చూసే పెద్ద ఆటగాళ్లు కాంట్రాక్టు అయిపోయాక నచ్చిన జట్టులో చేరగలుగుతున్నారంటే, ఆ హక్కుకి దారి వేసిన కేసు అది.

ఆటక్స్ నుంచి వచ్చింది ఆటగాళ్లు మాత్రమే కాదు. జాజ్ సంగీతంలో ట్రాంబోన్ అనే ఊదే వాద్యం అనగానే గుర్తొచ్చే జేజే జాన్సన్ అక్కడి విద్యార్థే. ఇండియానా యూనివర్సిటీలో జాజ్ చదువుని నిలబెట్టిన డేవిడ్ బేకర్ కూడా. ఇండియానాపోలిస్ నుంచి అమెరికా పార్లమెంటుకి ఎన్నికైన మొదటి మహిళ, మొదటి నల్లజాతి ప్రతినిధి జూలియా కార్సన్ 1955లో అక్కడే హైస్కూలు పూర్తి చేసింది. అంటే ఆ మార్చి నెలలో స్కూలంతా గెలుపు సంబరంలో ఉన్నప్పుడు ఆమె ఆఖరి ఏడాది చదువుతోంది. బస్సులో సీటు వదలనని అరెస్టైన రోజా పార్క్స్‌కి దేశపు అత్యున్నత పౌర గౌరవాల్లో ఒకటైన కాంగ్రెషనల్ గోల్డ్ మెడల్ ఇవ్వాలని బిల్లు తెచ్చింది ఈ కార్సనే.

1949లోనే ఇండియానా చట్టం స్కూళ్లలో జాతి విభజన వద్దంది. కాగితం మీద మారినంత త్వరగా ఊరు మారలేదు, చాలా ఏళ్లు ఆటక్స్ నల్లపిల్లల స్కూలుగానే ఉండిపోయింది. 1986లో దాన్ని జూనియర్ హైస్కూలుగా తగ్గించేశారు. పూర్వ విద్యార్థులు అడుగుతూనే ఉన్నారు. 1989లో ఆ భవనం దేశ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది, ఆ తర్వాత లోపల మ్యూజియం పెట్టారు. 2006లో, వైద్య రంగం చదువుల మీద దృష్టి పెట్టిన హైస్కూలుగా మళ్లీ మొదలైంది. 2017లో తన విభాగంలో మళ్లీ రాష్ట్ర బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచింది, 73-71తో. ఆ పిల్లల మెడలో పతకాలు వేసింది ఆస్కార్ రాబర్ట్‌సనే.

1955 ఫైనల్లో ఓడిన గ్యారీ రూజ్‌వెల్ట్ జట్టులో డిక్ బార్నెట్ అనే కుర్రాడు ఆడాడు. న్యూయార్క్ నిక్స్‌కి ఆడి రెండు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. ఆయన గురించి, ఆ స్కూలు గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా ఇంకేమైనా అడగాలనిపిస్తే ఆలస్యం చేయకుండా రాయండి.

మీ తాతయ్య