ఫుడ్ ఛాలెంజ్ వీడియోలు పిల్లలు చూడొచ్చా? అపోహలు - వాస్తవాలు

"మా వాడు పొద్దస్తమానం ఆ తిండి పందేల వీడియోలే చూస్తున్నాడు డాక్టర్ గారూ, మాన్పించమంటారా?" పిల్లల డాక్టరుగా ఈ మధ్య నేను తరచుగా వింటున్న ప్రశ్న ఇది. ఏ వీడియోలని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. పిల్లాడి పక్కన కూర్చుని ఒక్కటైనా చివరిదాకా చూసి ఉండరు. ఓ మూడు చూసి రమ్మంటాను. అలా చూడని వాళ్ళ నోట నేను వినే మాటలే ఇవి.

అపోహ: వంటింట్లో ఉండేవే కదా, వాటితో ఏమవుతుంది?

వాస్తవం: ప్రమాదం చాలాసార్లు వస్తువులో ఉండదు, తినే తీరులో ఉంటుంది. దాల్చినచెక్క పొడి సంగతే తీసుకోండి. చెంచాడు పొడిని నీళ్ళు లేకుండా ఒక్క నిమిషంలో మింగాలనే పందెం 2012 ప్రాంతంలో తెగ తిరిగింది. పొడి నోట్లో తడినంతా పీల్చేస్తుంది. గుటక పడదు. పొలమారి దగ్గు వస్తుంది. దగ్గిన వాళ్ళెవరైనా వెంటనే గట్టిగా ఊపిరి తీసుకుంటారు, ఆ ఊపిరితో పాటే పొడి లోపలికి పోతుంది. దాల్చినచెక్క అంటే చెట్టు బెరడే కదా. అందులోని సెల్యులోజ్ అనే పీచు కడుపులోకి పోతే ఎలాగో బయటికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే కరగదు. వాపు రావచ్చు, న్యుమోనియా రావచ్చు. ఆస్తమా ఉన్న పిల్లలకైతే మరీ కష్టం.

నోటినిండా మార్ష్‌మల్లోలు (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయిలు) కుక్కుకుని మాట్లాడే ఆట ఇంకొకటి. మెత్తనివే కదా అనుకుంటాం. మెత్తగా ఉన్నందువల్లే అవి గొంతు ఆకారానికి సర్దుకుని బిరడాలా బిగుసుకుంటాయి. ఈ ఆటలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఆఖరికి మంచినీళ్ళు కూడా ఇంతే. 2007లో కాలిఫోర్నియాలో ఒక రేడియో స్టేషన్ నీళ్ళు తాగే పోటీ పెడితే, పాల్గొన్న ఒక మహిళ చనిపోయారు. తక్కువ సమయంలో అన్ని నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది.

అందుకే చిన్నప్పటి వ్యాకరణం గుర్తు చేసుకోమంటాను. నామవాచకాన్ని వదిలేసి క్రియావిశేషణాన్ని చూడండి: పొడిగా, గబగబా, అతిగా, నవ్వుతూ. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ వీడియో దగ్గర ఆగాలి.

అపోహ: కారమేగా, కాసేపు నోరు మండి ఊరుకుంటుంది.

వాస్తవం: కూరలో కారం వేరు, ఛాలెంజ్ కోసం తయారుచేసిన కారం వేరు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 14 ఏళ్ళ అబ్బాయి విపరీతమైన కారం పూసిన ఒకే ఒక్క చిప్ తిన్నాడు. కొన్ని గంటల్లో చనిపోయాడు. కారంలో మంట పుట్టించే క్యాప్సైసిన్ ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్ళాక గుండె ఆగిందని శవపరీక్షలో తేలింది. ఆ అబ్బాయి గుండెలో పుట్టుకతో ఒక లోపం ఉందని కూడా అందులోనే బయటపడింది. మన పిల్లలకు అలాంటిదేమీ లేదని ఎంతమందిమి పరీక్ష చేయించి చూశాం? ఆ ప్యాకెట్ మీద పెద్దలకు మాత్రమే అని రాసే ఉంది. రాత ఉంటే సరిపోతుందా!

ఇంకో మాట. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. నీళ్ళు తాగితే మంట తగ్గకపోగా నోరంతా పాకుతుంది. పాలు నయం. కారం అంటిన చేతులతో కళ్ళు నులుముకోనివ్వకండి.

అపోహ: వీడియోలో ఆ అన్న అంతా తిన్నాడు, ఏమీ కాలేదు.

వాస్తవం: తిన్నాడని మీకెలా తెలుసు? మధ్యలో కట్ చేయొచ్చు, ఉమ్మేయొచ్చు, రెండు రోజులు తీసి పది నిమిషాలకు కుదించొచ్చు. పిల్లలతో ఒక ఆట ఆడమంటాను. కెమెరా కోణం మారిన ప్రతిసారీ ప్లేటులో ఎంత మిగిలిందో, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో కనిపెట్టాలి. రెండు మూడు వీడియోలకే తేడాలు పట్టేస్తారు. మనం గంట చెప్పినా ఎక్కనిది అలా ఎక్కుతుంది.

నిజంగానే తిన్నా, అతని ఒళ్ళూ పిల్లల ఒళ్ళూ ఒకటి కాదు. ఎనర్జీ డ్రింకుల్లో ఉండే కెఫీన్ సంగతే తీసుకోండి. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్కలో పిల్లలకు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 30 కిలోల పిల్లాడికి 90 మిల్లీగ్రాములన్నమాట. అర లీటరు ఎనర్జీ డ్రింక్ క్యాన్ ఒక్కదాంట్లోనే 160 దాకా ఉండొచ్చు.

అపోహ: చూస్తున్నాడంతే, తినడం లేదుగా.

వాస్తవం: 2019లో లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్ళు 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 176 మంది మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి ఇన్‌ఫ్లుయెన్సర్లు చిరుతిళ్ళు పట్టుకున్న ఫొటోలు చూపించి, తర్వాత తినడానికి పెట్టారు. తిండితో సంబంధం లేని ఫొటోలు చూసినవాళ్ళ కన్నా వీళ్ళు 26 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. తమాషా ఏమిటంటే, పళ్ళ లాంటి మంచి తిండితో ఉన్న ఫొటోలు చూసినవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఇందుకు పూర్తి వ్యతిరేకంగా నడిచే పిల్లలూ ఉంటారు. తాము అన్నం మానేసి, ఎదుటివాళ్ళు గుట్టలుగా తింటుంటే గంటలు గంటలు చూస్తారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వీళ్ళే. టీనేజ్ పిల్లల్లో ఇది కనిపిస్తే వీడియోల సంగతి తర్వాత చూడొచ్చు, ముందు డాక్టరుకు చూపించండి.

అపోహ: ప్రమాదమైనవి యాప్ వాళ్ళే తీసేస్తారు.

వాస్తవం: యూట్యూబ్‌లో ప్రమాదకర ఛాలెంజ్‌ల మీద నిషేధం ఉంది. కాకపోతే వీడియో తీసేసేలోపు ఎంతమంది చూస్తారన్నదే ప్రశ్న.

అపోహ: అయితే ఫోన్ లాక్కుంటే సరి.

వాస్తవం: మీ ఫోన్ లాక్కుంటే స్నేహితుడి ఫోన్‌లో చూస్తాడు, మీకు చెప్పడం మానేస్తాడు. పైగా అన్ని ఛాలెంజ్‌లూ చెడ్డవి కావు. కళ్ళకు గంత కట్టుకుని రుచి చూసి పేరు చెప్పడం, మూడే వస్తువులతో వంట చేయడం, ఎప్పుడూ తినని కూరగాయ ఒక ముక్క రుచి చూడడం. ఇవి నేను మా ఇంట్లోనూ ఆడించాను. అలర్జీలున్న పిల్లలుంటే మాత్రం గంతలాట వద్దు.

నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇదే పనిని మా పిల్ల ఇప్పుడు, నా ఎదుట, కూర్చుని, చిన్న ముక్కతో, గడియారం లేకుండా చేస్తే, వద్దనిపించిన క్షణంలో మానేసే వీలుంటే, నేను ఒప్పుకుంటానా? ఒప్పుకుంటే చూడనివ్వండి. ప్రకటన మనచేత కొనిపించడానికే అన్న సంగతి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు సరిగ్గా అర్థం కాదు, వాళ్ళను ఒంటరిగా చూడనివ్వొద్దు. అంతకన్నా పెద్ద పిల్లలకు ఒక సాకు ముందే నేర్పండి. "మా అమ్మ వాసన చూసి పట్టేస్తుంది" లాంటిదైనా సరే. నలుగురిలో పందెం వద్దనడం కన్నా సాకు చెప్పడం వాళ్ళకు తేలిక.

ఇంత చేసినా ఒక్కోసారి జరిగిపోతుంది. గొంతులో ఏదైనా అడ్డుపడి పిల్లాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. మాట, దగ్గు రెండూ రాకపోతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేత్తో ఐదుసార్లు చరచండి. ఏడాది దాటిన పిల్లలకు తగ్గకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కండి. అడ్డం తొలగేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, పక్కనున్న వాళ్ళతో అంబులెన్స్ పిలిపించండి. కనిపించని దానికోసం నోట్లో వేళ్ళు పెట్టి కెలకొద్దు. ఏదైనా మింగేస్తే వాంతి చేయించొద్దు. తిడతారని భయపడే పిల్లలు తిన్నది చెప్పరు, లేదా తగ్గించి చెప్తారు. "ఏం తిన్నావో చెప్పు, తిట్టను" అని ముందే మాటివ్వండి. ఖాళీ ప్యాకెట్ దొరికితే ఆసుపత్రికి తెచ్చేయండి, మాకు కావాల్సిన సమాచారం చాలావరకు దాని వెనకే రాసి ఉంటుంది.