జిగురు కావాలనే వంటిల్లు

బెండకాయ జిగురు మీద మా అమ్మ యుద్ధం నలభై ఏళ్ళ నాటిది. కాయలు కడుగుతుంది, పాత చీర ముక్కతో ఒక్కొక్కటీ తుడుస్తుంది, వార్తాపత్రిక మీద పరిచి ఫ్యాను కింద ఆరబెడుతుంది. ఆ తర్వాతే కత్తిపీట దగ్గరికి తెస్తుంది. వేగుతున్నంతసేపూ మూకుడు మీద మూత పెట్టనివ్వదు. ఉప్పు దించే ముందే వేస్తుంది. అలాంటి మనిషి నిరుడు అక్టోబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, బాటన్ రూజ్‌లో ఉండే మా అక్క వంటింట్లో నిలబడి, పక్కింటి పెద్దావిడ బెండకాయ ముక్కల్ని నేరుగా మరిగే కుండలోకి వదలడం చూసింది. "అయ్యో, అంతా బంకబంక అయిపోతుంది కదే!" అంది. అక్క ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. పెద్దావిడ నవ్వి, "అందుకేగా వేస్తున్నది" అంది.

వండుతున్నది సీఫుడ్ గంబో. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు వేసి కాచి, అన్నం మీద పోసుకు తినే చిక్కటి పులుసు అనుకోండి. పులుపు ఉండదు గనుక పులుసు అనకూడదేమో. 2004లో ఇది లూసియానా అధికారిక వంటకం కూడా అయింది. అయినా ఏ ఇంటి గంబో ఆ ఇంటిదే. పక్కింటివాళ్ళు చేసేది అసలు గంబోయే కాదనడం అక్కడ మర్యాదలో భాగం. మన ఆవకాయ సంగతి తెలిసిన వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

పేరులోనే బెండకాయ ఉంది. అంగోలా ప్రాంతపు బంటు భాషల్లో బెండకాయను 'కింగొంబో' అనేవారు. ఫ్రెంచివాళ్ళు నేటికీ బెండకాయను 'గొంబో' అనే అంటారు. బానిసలుగా ఓడల్లో తరలించిన ఆఫ్రికన్లతో పాటు ఆ కాయా, ఆ మాటా అట్లాంటిక్ దాటాయి. న్యూ ఆర్లీన్స్‌లో 1764లో బానిసల మీద జరిగిన ఒక విచారణ కాగితాల్లో ఈ వంటకం పేరు అప్పటికే కనిపిస్తుంది. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళ పిండి వేపుడు, అక్కడి మూలవాసులైన చోక్టా ప్రజల ఆకు పొడి వచ్చి ఇదే కుండలో చేరాయి. మూడు చోట్ల నుంచి వచ్చిన మూడు దినుసులూ చేసే పని ఒక్కటే, నీటిని చిక్కబరచడం. ఒకే పనికి ముగ్గురు మనుషులు ఎందుకో నాకు ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడితే గాని అర్థం కాలేదు.

ముందుగా పిండి వేపుడు. దాన్ని 'రూ' అంటారు. మందపాటి పోత ఇనుప కుండలో ఒక కప్పు నూనె, ఒక కప్పు మైదా వేసి, సన్నని సెగ మీద చెక్క గరిటెతో అడుగంటా గీస్తూ కలపాలి. ఎంతసేపు అంటే చేయి నొప్పి పుట్టి పక్కవాళ్ళకు గరిటె ఇచ్చేంతసేపు. అందుకే ఇది ఒంటరిగా చేసే వంట కాదు. పావుగంటకు ఒకరు చొప్పున అక్క, బావగారు, నేను వంతులు వేసుకున్నాం. పిల్లల్ని మాత్రం పెద్దావిడ ఆ దరిదాపుల్లోకి రానివ్వలేదు. వేగిన పిండి చింది చర్మానికి అంటుకుంటే నీళ్ళలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది.

నా వంతులో ఫోను మోగింది. చూసింది అర నిమిషమే. తిరిగి చూసేసరికి గోధుమ రంగు ముద్దలో ఆవగింజల్లాంటి నల్లటి చుక్కలు. పెద్దావిడ వంగి వాసన చూసింది, మారుమాట లేకుండా మొత్తం తీసుకెళ్ళి పారబోసింది. మళ్ళీ మొదటి నుంచి. మాడిన చేదును ఆ తర్వాత ఏ మసాలా దాచలేదట. మా అమ్మ ముఖంలో మొదటిసారి ఆమె మీద గౌరవం కనిపించింది. సున్నుండలకు మినపప్పు వేపేటప్పుడు ఒక్క పప్పు నల్లబడినా ఊరుకోని మనిషి కదా.

ఆ అర నిమిషంలో కుండలో ఏమైంది? నీళ్ళున్న వంట ఎంత మరిగినా నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నూనెకు ఆ హద్దు లేదు. పిండి నూట యాభై, నూట ఎనభై డిగ్రీల దాకా వెళ్ళగలదు. ఆ వేడిలో గోధుమపిండిలోని మాంసకృత్తుల తునకలు, చక్కెరలు కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. దోసె అడుగున వచ్చే ఎర్రదనమూ, వేయించిన కాఫీ గింజ రంగూ ఇదే కోవలోవి. రూ ముదిరే కొద్దీ వచ్చే కమ్మటి వాసనలో పైరజీన్లనే అణువుల పాత్ర పెద్దది. వేయించిన వేరుశనగలో ముక్కును పట్టి లాగేవీ అవే. ఇక వేడి పెరిగే కొద్దీ ఈ చర్యల వేగమూ పెరుగుతుంది. అంటే మొదటి అరగంటలో ఏమీ జరగనట్టుండి, చివరి రెండు నిమిషాల్లో అన్నీ ఒకేసారి జరుగుతాయి. ఫోను చూడడానికి నేను ఎంచుకున్నది ఆ రెండు నిమిషాల్నే.

రెండో రూ పచ్చి మైదా రంగు నుంచి వేరుశనగ రంగుకు, అక్కడి నుంచి పాత రాగి నాణెం రంగుకు, చివరికి చాక్లెట్ రంగుకు వచ్చింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పిండిని చిక్కదనం కోసమే వేస్తాం. పిండిపదార్థం అంటే చక్కెర అణువులు పూసల్లా గుచ్చుకున్న పొడవాటి గొలుసులు. నీళ్ళలో ఉడికితే పిండి రేణువులు ఉబ్బి ఆ గొలుసుల్ని బయటికి వదులుతాయి. అవి నీటికి అడ్డంపడి, జారిపోనివ్వకుండా పట్టుకుంటాయి. గంజి చిక్కగా ఉండేది అందుకే. కాని నూనెలో ముప్పావుగంట వేగిన పిండిలో ఆ గొలుసులు ముక్కలైపోతాయి. ముక్కల గొలుసు నీటిని ఆపలేదు. రంగు ముదిరే కొద్దీ రుచి పెరుగుతుంది, చిక్కదనం తరుగుతుంది. తెల్ల రూతో సాస్ గట్టిగా నిలబడుతుంది. చాక్లెట్ రంగు రూ అంతే పరిమాణంలో వేస్తే చారులా పారుతుంది. లూసియానా వాళ్ళు రుచినే ఎంచుకున్నారు. పోయిన చిక్కదనాన్ని ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చుకోవాలి కదా. బెండకాయ అందుకు ఉంది.

బెండకాయ దగ్గరికి వెళ్ళే ముందు ఉల్లిపాయల సంగతి ఒకటి చెప్పాలి. రూ సరైన రంగుకు రాగానే పొయ్యి కట్టేస్తే చాలదు. ఇనుప కుండలోని వేడి పిండిని ఇంకా మాడుస్తూనే ఉంటుంది. పెద్దావిడ పళ్ళెం నిండా తరిగి ఉంచిన ఉల్లిపాయ, సెలరీ కాడలు, బుట్ట మిరపకాయ ముక్కల్ని గభాలున పోసింది. ఈ మూడింటినీ అక్కడ 'పవిత్ర త్రయం' అంటారు. సుయ్యిమని ఆవిరి లేచింది, రంగు అక్కడికక్కడ ఆగిపోయింది. కూరగాయల్లో ఎక్కువ భాగం నీరే. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే 2,260 జౌల్‌ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. అదే గ్రాము నీటిని సున్నా నుంచి నూరు డిగ్రీలకు కాచడానికి పట్టే వేడికి ఇది ఐదు రెట్ల పైన. ఆ వేడినంతా ఉల్లిపాయ కుండలోంచే లాక్కుంటుంది. మన తాలింపులో ఆవాలు చిటపటలాడగానే ఉల్లిపాయలు వేసేయడంలోనూ ఈ ఉపాయమే ఉంది.

మరో పొయ్యి మీద రొయ్యల తలలు, పెంకులు నీళ్ళలో మరుగుతున్నాయి. మనం పారేసేవన్నీ ఆమె దాచి ఉడికిస్తోంది. మా మేనకోడలు గిన్నెలోకి తొంగి చూసి, "బూడిద రంగు రొయ్య ఎర్రగా ఎందుకైంది?" అని అడిగింది. రొయ్య పెంకులో అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు మొదటి నుంచీ ఉంటుంది. బతికున్నప్పుడు ఒక మాంసకృత్తు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉండడం వల్ల అది మన కంటికి నీలంగానో బూడిదగానో కనబడుతుంది. వేడికి ఆ మాంసకృత్తు విడిపోతుంది, లోపలి ఎరుపు బయటపడుతుంది. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు గులాబీ రంగులో ఉండేదీ ఈ కుటుంబపు రంగుల్ని తిండిలోంచి తీసుకోవడం వల్లే.

ఆ రొయ్యల్ని పడవ దగ్గరే కొనాలని పెద్దావిడ పట్టుబట్టింది. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు మిసిసిపీ డెల్టాలోని ఉప్పుకలిసిన చిత్తడి నేలల్లోకి వచ్చి, గడ్డి మధ్య దాక్కుని పెరుగుతాయి. ఆ నేలే కరిగిపోతోంది. వరదకట్టలు నది ఒండ్రును అడ్డుకోవడం, చమురు కోసం కాలువలు తవ్వడం, నేల కుంగడం కలిసి 1932 నుంచి 2016 వరకు లూసియానా తీరంలో దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల భూమి నీటిపాలైంది. దానికి తోడు చవకగా దిగుమతయ్యే రొయ్యలు. హోటళ్ళు దిగుమతి రొయ్య వాడితే ఆ సంగతి మెనూలో చెప్పి తీరాలని 2019లో అక్కడ చట్టం కూడా చేశారు. "ఎక్కడో విదేశపు చెరువుల్లో పెంచినవి" అని ఆమె విసుక్కుంటున్నంతసేపూ మా బావగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయనది భీమవరం పక్క ఊరు. వాళ్ళ అన్నదమ్ములందరికీ వనామీ రొయ్యల చెరువులే. అమెరికాకు రొయ్యలు ఎక్కువగా పంపేది మన దేశం, అందులో సింహభాగం ఆంధ్ర తీరానిది. నేను నోరు తెరవబోతే అక్క కాలు తొక్కింది.

ఇక బెండకాయ. పత్తి, మందార, గోంగూర దీనికి దగ్గరి చుట్టాలు. మందారాకు నూరి తలకు పట్టించుకున్న వాళ్ళకు ఈ కుటుంబపు జిగురు కొత్త కాదు. అదీ గొలుసు అణువుల సంగతే, కాని పిండి గొలుసులకు లేని గుణం ఒకటి దీనికి ఉంది. ఈ గొలుసుల పొడవునా ఆమ్ల గుణం గల చక్కెరలు ఉంటాయి, వాటి మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం గలవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి గొలుసు ముడుచుకోలేక బారుగా చాచుకునే ఉంటుంది. చాచుకున్న గొలుసు చాలా నీటిని ఆపగలదు. అందుకే గుప్పెడు కాయలకే కుండ చిక్కబడుతుంది.

పులుపు తగిలితే కథ మారుతుంది. ఆమ్లం ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, నెట్టుకోవడం ఆగిపోయి గొలుసు ఉండ చుట్టుకుంటుంది. మేనకోడలి చేత రెండు గ్లాసుల నీళ్ళలో బెండకాయ ముక్కలు నానబెట్టించాను. ఒకదాంట్లో నిమ్మరసం పిండాం. గంట తర్వాత చెంచాతో ఎత్తి చూస్తే మామూలు గ్లాసులోది జానెడు తీగ సాగింది, నిమ్మరసం గ్లాసులోది చుక్కలుగా తెగి పడింది. మా అమ్మ దాన్ని చూసి, "దీనికి ఇంత హడావుడి ఎందుకు? చింతపండు వేస్తే జిగురు ఉండదని మా అమ్మమ్మకే తెలుసు" అంది. బెండకాయ పులుసు, మజ్జిగ పులుసు రెండూ ఆ ఎరుకలోంచి వచ్చినవే. ఆరబెట్టడమూ, మూత పెట్టకపోవడమూ, ఉప్పు చివర వేయడమూ కూడా గొలుసులకు నీరు దొరకకుండా చేసే పద్ధతులే. అదే జ్ఞానాన్ని పెద్దావిడ తలకిందులుగా వాడుతోంది. నీటిలోనే వేస్తుంది, పులుపు దగ్గరికి రానివ్వదు. గంబోలో టమాటా వేసేవాళ్ళూ ఉన్నారు గాని, ఆమె వాళ్ళ ప్రస్తావన తేవడానికి కూడా ఇష్టపడలేదు.

పీతల్ని చీల్చి ముందుగానే వేసింది. రొయ్యల్ని మాత్రం పొయ్యి కట్టేసే ముందు, ఆల్చిప్పల్ని ఇంకా చివర్లో. నీటిలో తేలే జీవులకు బరువు మోసే అవసరం తక్కువ, అందువల్ల వాటి కండలో గట్టి పీచు తక్కువ. మూడు నిమిషాలు చాలు. అంతకు మించితే మాంసకృత్తులు బిగుసుకుపోయి లోపలి నీటిని పిండేస్తాయి, రొయ్య రబ్బరవుతుంది.

బల్ల మీద మూడో దినుసు ఉంది, చిన్న సీసాలో ఆకుపచ్చ పొడి. 'ఫిలే' అంటారు. ససాఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి దంచినది. మన దాల్చినచెక్కకు, బిర్యానీ ఆకుకు బంధువే. ఒకే కొమ్మ మీద మూడు ఆకారాల ఆకులు కాస్తుంది. దాని వేరులో ఉండే సాఫ్రోల్ ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని తేలడంతో 1960లో అమెరికా ఆ పదార్థాన్ని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. ఆకుల్లో అది లేనట్టే కాబట్టి పొడి నిలిచింది. దీన్ని ఎవరి పళ్ళెంలో వాళ్ళే చల్లుకోవాలి, కుండలో వేసి మరిగించకూడదు. మరిగితే దారాల్లా సాగుతుంది. 'ఫిలే' అనే ఫ్రెంచి మాటకు దారం తీయడమనే అర్థం.

మా అమ్మ ఆ రాత్రి అన్నంలో కలుపుకుని నాలుగు ముద్దలు తిని, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఫ్రిజ్‌లో జున్నులా బిగిసిన దాన్ని తీసి, వేడి చేసుకుని, నిన్నటికంటే ఎక్కువ తింది. చేపల పులుసు మర్నాటికే బాగుంటుందన్న లెక్క ఆమెది.

తిరుగు ప్రయాణంలో పెద్దావిడ ఇచ్చిన ఫిలే సీసా ఇప్పుడు మా వంటింట్లో ఇంగువ డబ్బా పక్కన ఉంది. పోయిన వారం అమ్మ దాన్ని మరుగుతున్న పప్పుచారులో ఒక చెంచా వేసి చూసింది. గరిటె ఎత్తితే సన్నని తీగ గిన్నె దాకా వేలాడింది. ఆమె కాసేపు దాన్నే చూసి, నా వైపు తిరిగి, "ఇది కూడా బెండకాయేనా?" అంది.