మూడు గదుల గుండె తక్కువదా? జంతువుల రక్తప్రసరణపై అపోహలు - వాస్తవాలు

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. రక్తప్రసరణ పాఠం రాగానే దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే లెక్క వినిపిస్తుంది. చేపకు రెండు గదుల గుండె, కప్పకు మూడు, మనకు నాలుగు. కాబట్టి గదులు పెరిగేకొద్దీ గుండె మెరుగైందని అనుకుంటారు. గదుల సంఖ్య సరిగ్గానే ఉంది, దాన్నిబట్టి వేసిన మార్కులే తప్పు. ఏ జంతువు గుండె గురించైనా మాట్లాడేముందు అది ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి తీసుకుంటోందని అడగాలి. ఆ ప్రశ్న అడక్కపోవడం వల్లే ఈ అపోహల్లో చాలావరకు పుడుతున్నాయి.

అపోహ: కప్ప గుండెలో మంచి రక్తం (ఆక్సిజన్ నిండినది), చెడు రక్తం (ఆక్సిజన్ తగ్గినది) కలిసిపోతాయి. అదొక అసంపూర్ణమైన గుండె.

వాస్తవం: కప్ప గుండెలో రెండు కర్ణికలు (రక్తం వచ్చి చేరే గదులు), ఒకే జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే గది) ఉంటాయి. చాలా పటాల్లో ఆ జఠరికంతా ఎరుపు, నీలం కలిసిపోయినట్టు ఊదా రంగు పూసేస్తారు. ఈ అపోహకు సగం కారణం ఆ రంగే అని నా అభిప్రాయం. నిజానికి జఠరిక లోపలి గోడ నున్నగా ఉండదు. కండరాల మడతలతో గుంటలు గుంటలుగా ఉండి, రెండు వైపుల నుంచి వచ్చిన రక్తాన్ని చాలావరకు విడివిడిగా ఉంచుతుంది. బయటికి వెళ్ళే దారిలో ఉన్న సర్పిలాకార కవాటం ఏ రక్తం ఎటు వెళ్ళాలో మళ్ళించడానికి తోడ్పడుతుంది. అందుకే పటంలో కనిపించినంతగా రక్తం కలవదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి కప్ప చర్మం. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది. చర్మం దగ్గర ఆక్సిజన్ నింపుకున్న రక్తం, ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తంలాగా ఎడమ కర్ణికకు కాదు, శరీరం నుంచి వచ్చే సిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. అంటే కుడివైపు వచ్చేదంతా ‘చెడు రక్తం’ అనడానికి వీల్లేదు. పైగా నీళ్ళలో మునిగి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి కొత్త గాలి రాదు. అలాంటప్పుడు అటు రక్తం పంపినా పెద్దగా లాభం లేదు. కప్ప అటువైపు ప్రవాహాన్ని తగ్గించి, మిగతా రక్తాన్ని శరీరానికి పంపగలదు. జఠరిక ఒకటే కావడం వల్ల దొరికిన వెసులుబాటు ఇది. మన గుండెకు ఆ వీలు లేదు. కుడి జఠరిక నుంచి బయల్దేరిన రక్తం ప్రతిసారీ ఊపిరితిత్తుల మీదుగా వెళ్ళాల్సిందే.

అపోహ: సరీసృపాలన్నిటికీ మూడు గదుల గుండే.

బల్లులు, పాములు, తాబేళ్ళ విషయంలో ఇది సరే. మొసలికి మాత్రం పూర్తిగా విడిపోయిన నాలుగు గదులుంటాయి. మన మంజీర అభయారణ్యంలోని మొసళ్ళ గుండె కూడా అంతే. అయితే మొసలిలో ఒక బృహద్ధమని (గుండె నుంచి శరీరానికి రక్తం మోసే పెద్ద నాళం) కుడి జఠరిక నుంచే మొదలవుతుంది. ఊపిరితిత్తులకు వెళ్ళాల్సిన రక్తంలో కొంత భాగాన్ని దాని ద్వారా శరీరం వైపు మళ్ళించవచ్చు. నాలుగు గదులు వచ్చాక కూడా ఆ పక్కదారి మిగిలే ఉంది!

అపోహ: బొద్దింకకు, రొయ్యకు రక్తం ఉండదు.

వాస్తవం: రెండింటికీ ఉంది, కానీ ఎర్రగా ఉండదు. రెండింటిదీ వివృత రక్తప్రసరణే. రక్తం సన్నటి కేశనాళికల్లో కాకుండా అవయవాల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి వచ్చి వాటిని నేరుగా తడుపుతుంది. బొద్దింక వీపు పొడవునా 13 గదుల గొట్టంలాంటి గుండె ఉంటుంది. గదుల సంఖ్యే గొప్పదనమైతే బొద్దింక మనల్ని ఎప్పుడో దాటేసి ఉండాలి. దాని రక్తం ఆక్సిజన్ మోయదు, ఆ అవసరమే లేదు. 10 జతల శ్వాసరంధ్రాల నుంచి వాయునాళాలు గాలిని సరాసరి కణజాలాల దాకా తీసుకెళ్తాయి. తల తెగిన బొద్దింక రోజుల తరబడి బతకడానికి ఇదొక కారణం. శ్వాసకు తలతో పని లేదు. పీడనం తక్కువ కాబట్టి రక్తం కూడా మనలో లాగా ధారకట్టి పోదు.

రొయ్య సంగతి వేరు. అది మొప్పలతో శ్వాసిస్తుంది, వాయునాళాలు లేవు. కాబట్టి రక్తమే ఆక్సిజన్ మోయాలి. మన రక్తంలో ఆ పని చేసే ఎర్రటి హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటే, రొయ్యలో ఆ పని చేసే హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది. ఆక్సిజన్ పట్టినప్పుడు లేత నీలం, లేనప్పుడు రంగు ఉండదు. అందుకే వంటింట్లో ఒలిచేటప్పుడు అది రక్తమని మనకు తోచదు. ఇంకో మాట. రొయ్య వీపు చీల్చి తీసేసే నల్లటి ‘నరం’ నరమూ కాదు, రక్తనాళమూ కాదు. అది పేగు. గుండె తలభాగపు పెంకు కింద ఉంటుంది, తల తీసేటప్పుడే పోతుంది.

అపోహ: వెన్నెముక లేనివాటికన్నిటికీ వివృత రక్తప్రసరణే.

వానపాములో రక్తం నాళాల్లోనే తిరుగుతుంది (దీన్నే సంవృత వ్యవస్థ అంటారు), పైగా ఎర్రగా ఉంటుంది. కాకపోతే హీమోగ్లోబిన్ కణాల్లో కాకుండా రక్తపు ద్రవంలోనే కరిగి ఉంటుంది. ఆక్టోపస్‌దీ సంవృత వ్యవస్థే. దానికి మూడు గుండెలు. రెండు మొప్పలకు, ఒకటి మిగతా శరీరానికి.

అపోహ: దోమ రక్తం ఎర్రగా ఉంటుంది.

చంపినప్పుడు చేతికి అంటేది అది తాగిన రక్తం. చాలాసార్లు మనదే.

అపోహ: వెన్నెముక ఉన్న జీవి ఎర్ర రక్తం లేకుండా బతకలేదు.

అంటార్కిటికా సముద్రంలోని ఐస్‌ఫిష్‌ల రక్తంలో హీమోగ్లోబిన్ లేదు. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ 1954లో ఈ సంగతిని ప్రచురించారు. బాగా చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, రక్తపు ద్రవంలో కరిగిన ఆక్సిజన్‌తోనే ఇవి నెట్టుకొస్తాయి. ఊరికే ఏమీ కాదు. పెద్ద గుండె, వెడల్పైన నాళాలు, ఎక్కువ రక్తం కావాలి. నీళ్ళు వేడెక్కితే వీటికి గడ్డుకాలమే.

అపోహ: నీలి తిమింగలం గుండె కారంత ఉంటుంది.

కెనడా తీరంలో 2014లో చనిపోయి దొరికిన నీలి తిమింగలం గుండె సుమారు 180 కిలోలు తూగింది. పెద్దదే, కానీ కారంత కాదు. నాకు బరువు కన్నా దాని వేగమే ఆశ్చర్యం. కాలిఫోర్నియా దగ్గర ఒక తిమింగలానికి పరికరం అతికించి కొలిచిన వివరాలు 2019లో వచ్చాయి. లోతుకు మునిగినప్పుడు గుండె నిమిషానికి రెండుసార్లు మాత్రమే కొట్టుకున్న సందర్భాలున్నాయి. ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య రక్తం నిలిచిపోకుండా, సాగే గుణమున్న బృహద్ధమని మెల్లగా ముడుచుకుంటూ ముందుకు నెడుతుంది. పైకొచ్చి ఊపిరి పీల్చుకునేటప్పుడు అదే గుండె 37 దాకా వెళ్ళింది, మళ్ళీ మునిగేలోగా ఆక్సిజన్ నింపుకోవాలి కదా.