క్యాన్సర్‌లో 'ట్రయల్' మందు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో క్యాన్సర్ ఓపీ చూస్తుంటాను. 'ట్రయల్' అంటే కొత్త మందు ఎలా పనిచేస్తుందో నిబంధనల ప్రకారం పేషెంట్లలో పరీక్షించడం. ఆ మాట వినగానే చాలామంది ఇంటివాళ్ల ముఖాలు మారిపోతాయి. "మా నాన్న మీద ప్రయోగాలు చేస్తారా సార్?" అంటారు. వాళ్లే కాసేపటికి ఫోన్‌లో వీడియో చూపించి, ఎక్కడో మూలకణాలతో, అంటే శరీరంలో కొత్త కణాలను తయారుచేసే స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తున్నారట, లక్షలవుతుందట, వెళ్లమంటారా అని అడుగుతారు. నిజానికి ఏ నిఘా లేని ప్రయోగం ఆ రెండోదే.

అపోహ: డబ్బు పెడితే ఇంకా మంచి కొత్త చికిత్స దొరుకుతుంది.

సరైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు. ఆ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని, నష్టపరిహారం ఇవ్వాలని మన దేశంలో ట్రయల్స్ మీద ఉన్న 2019 నిబంధనలు చెబుతున్నాయి. స్టెమ్ సెల్స్ విషయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇంకా స్పష్టం: కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా పరిశోధనే, దాన్ని అమ్ముకోకూడదు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మందుల ప్రకటనల మీద ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం. అయినా ఆ వీడియోలు ఆగవు.

కార్-టీ గురించి కూడా అడుగుతున్నారు. అంటే పేషెంట్ రక్తంలోని టీ-కణాలను ల్యాబులో మార్చి, క్యాన్సర్ మీదకు తిరిగి ఎక్కించే చికిత్స. అది మోసం కాదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది. కాకపోతే అది బీ-సెల్ లుకేమియా, లింఫోమా (రక్తానికి, లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్లు) తిరగబెట్టినవాళ్లకు, మామూలు చికిత్సకు లొంగనివాళ్లకు. రొమ్ములో, లివర్‌లో గడ్డ ఉన్నవాళ్లకు ఆ అనుమతి వర్తించదు.

అపోహ: కొత్తది కాబట్టి మెరుగ్గా పనిచేస్తుంది.

1990లలో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్లకు విపరీతమైన డోసులో కీమో ఇచ్చి, దానివల్ల దెబ్బతిన్న ఎముక మజ్జ కోలుకోవడానికి తర్వాత మూలకణాలు ఎక్కించేవారు. వేలమంది చేయించుకున్నారు. బీమా కంపెనీలు డబ్బివ్వబోమంటే కోర్టుకెళ్లి మరీ సాధించుకున్నారు. ఎక్కువ కీమో ఇస్తే ఎక్కువ కణాలు చస్తాయనే లెక్క వినడానికి బాగానే ఉంది. 1999 నుంచి పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాక తేలిందేమిటంటే, మామూలు కీమో తీసుకున్నవాళ్ల కంటే వీళ్లేమీ ఎక్కువ కాలం బతకలేదు. బాధ మాత్రం ఎక్కువ పడ్డారు. మరోవైపు 1978లో అమెరికాలో అనుమతి పొందిన కీమో మందు సిస్‌ప్లాటిన్, వృషణాల క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినా నేటికీ చాలామందిని పూర్తిగా బాగు చేస్తోంది. "ఎన్టీఆర్ వైద్య సేవలో ఇచ్చేది పాత మందేగా" అని మొహం చిట్లించేవాళ్లకు ఈ సంగతే చెబుతాను.

అపోహ: సగం మందికి ఉత్త చక్కెర బిళ్ల ఇస్తారు.

పనిచేసే చికిత్స ఉన్న క్యాన్సర్‌లో దాన్ని ఆపేసి డమ్మీ మాత్ర ఇవ్వరు. డమ్మీ వాడే ట్రయల్స్ ఉన్నా, వాటిలో మామూలు చికిత్స అందరికీ అందుతుంది, దానికి తోడుగా ఒక గుంపుకు కొత్త మందు, మరో గుంపుకు డమ్మీ ఇస్తారు. ఎవరు ఏ గుంపో కంప్యూటర్ తేలుస్తుంది. నాకు తెలిసినవాళ్లని ఒక గుంపులో వేయడం నా చేతిలో కూడా ఉండదు. ఇక మొదటి దశ ట్రయల్ సంగతి వేరు. అక్కడ చూసేది ముఖ్యంగా ఎంత డోసు తట్టుకోగలరనే. చేరినవాళ్లలో చాలామందికి గడ్డ తగ్గదు. ఈ మాట సంతకానికి ముందే డాక్టర్ నోటి నుంచి రావాలి.

అపోహ: సంతకం పెడితే ఇరుక్కుపోయినట్టే.

లేదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు. మామూలు వైద్యం ఆగదు.

అపోహ: ఇక ఏ దారీ లేనివాళ్లకే ట్రయల్.

కొన్నింటిలో జబ్బు బయటపడిన కొత్తలోనే చేర్చుకుంటారు, ఒక్క కీమో పడినా అర్హత పోతుంది. అందుకని చికిత్స మొదలుపెట్టే ముందే డాక్టర్ని ఒకసారి అడగండి. ఏదైనా ట్రయల్ ఉందంటే, మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో దానికిచ్చిన సీటీఆర్‌ఐ నంబరు తీసుకోండి. 2009 నుంచి నమోదు తప్పనిసరి, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. తెలుగులో ఉన్న సమ్మతి పత్రం చదివి, సంతకం చేసిన కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకోండి. బయాప్సీ రిపోర్టు ఒక్కటే కాదు, మైనపు బ్లాకులు (గడ్డ ముక్కను మైనంలో భద్రపరిచినవి), స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. ట్రయల్‌లో చేర్చుకునేవాళ్లు చాలాసార్లు ముందు అడిగేవి అవే.