పాత టిఫిన్ ట్రాలీల ఎర్త్ గోల: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తాను. పాత ట్రాలీ కొని టిఫిన్ బండిగా మార్చుకున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికే బల్బులు మార్చి, ఫ్యూజులు మార్చి, కొందరైతే బ్యాటరీ కూడా మార్చి ఉంటారు. ఎర్త్ మాత్రం, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి మాత్రం, చూసుండరు.

అపోహ: బండంతా ఇనుమే, వేరే ఎర్త్ వైరు ఎందుకు?

ముందు లాగే బండికీ ట్రాలీకీ మధ్య ఉన్నది ఒక హుక్కు, ఒక పిన్ను. దాని మీద గ్రీజు, తుప్పు, మన ఊరి దుమ్ము. కరెంటు తిరిగి బ్యాటరీకి దాని మీదుగానే రావాలంటే గుంతలో పడినప్పుడల్లా లైటు ఆరుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసక మసకగా వెలుగుతోందా? ఎర్త్ అందక కరెంటు పక్క బల్బులోంచి దారి చూసుకుంటోందన్నమాట. ఎర్త్‌కి విడిగా వైరు లాగండి.

అపోహ: మల్టీమీటరుతో వైరు తెగిందా లేదా చూస్తే బీప్ కొట్టింది, ఎర్త్ బాగుంది.

నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. వైరులో ఒక్క పోగు మిగిలున్నా బీప్ వస్తుంది, కానీ 21 వాట్ల బల్బు ఒక్కటే దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, నాలుగు బల్బులు వేస్తే ఆ పోగు ఏం మోస్తుంది? లైట్లన్నీ వేసి, మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి బల్బు హోల్డర్ బాడీకి ఆనించండి. 0.2 వోల్టు దాటితే అనుమానించాల్సిందే. పోయిన నెల ఒక ట్రాలీలో 2.8 చూపించింది. ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద నీలం పెయింటు చెక్కుచెదరలేదు, గీకకుండానే బిగించేశారు మహానుభావులు! ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాజలిన్ పూస్తే 0.1కి దిగింది.

అపోహ: న్యూట్రల్‌ని బాడీకి కలిపేస్తే అదే ఎర్త్.

ఇది ప్రాణాలు తీసే పని. 12 వోల్టుల ఎర్త్ వేరు, బయట నుంచి తెచ్చుకునే 230 వోల్టుల ఎర్త్ పని వేరు, అది లీకైన కరెంటుని నేలలోకి పంపడానికి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎక్కడైనా ఫేజు, న్యూట్రల్ తారుమారైతే బండి బాడీ అంతా కరెంటే. ఒక ఉగ్గాని బండాయన "కస్టమర్లు షాక్ కొడుతోందంటారు, మాకైతే ఏం కొట్టడం లేదన్నా" అన్నాడు. కొట్టదు మరి. టైర్లు రబ్బరు, ఆయన బండి లోపల ఉంటాడు. కింద చేతులు కడిగిన తడినేల మీద నిలబడి ప్లేటు అందుకునేవాడికి కొడుతుంది. చూస్తే మిక్సీలో లీకేజీ, పైగా టూ పిన్ సాకెట్లో పట్టడం లేదని ప్లగ్గు పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, కోసేశారు!

అపోహ: ఫ్యూజు ఉందిగా, కాపాడుతుంది.

5 ఆంపియర్ల ఫ్యూజు వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాదు. మనిషి కోసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు) పెట్టించండి, అప్పుడప్పుడు టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అది ఉంది కదా అని ఎర్త్ మానేయకండి, రెండూ కావాలి. బండి రోజూ ఒకేచోట నిలిపేవాళ్ళు అక్కడే ఎర్త్ రాడ్ దింపించుకుంటే మంచిది, కాకపోతే మన నేల ఎండాకాలంలో రాయిలా అవుతుంది కాబట్టి ఆ గుంతలో బిందెడు నీళ్ళు పోస్తూ ఉండాలి.