పింఛను దాకానే వచ్చిన పాఠం

నల్లగొండలో వికలాంగుల హక్కుల మాట వస్తే 1996 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన ఊళ్ల జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. నీళ్లు అడగడానికి ఎన్నికల నియమాలనే వాడుకున్న తీరు అది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నల్లగొండ ఒక్కదాని వల్లే కాదనుకోండి, తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు.

దేశంలో తొలి సమగ్ర వికలాంగుల చట్టం అమల్లోకి వచ్చిందీ 1996లోనే. చదువు, ఉద్యోగాల్లో 3 శాతం కోటా అందులో ఉంది. ఇంట్లోనో వీధిలోనో దెబ్బలు తింటే ఏం చేయాలన్నది లేదు.

పాలమూరు దారి వేరు. 2000లో పేదరికం తగ్గించడానికి సర్కారు తెచ్చిన వెలుగు ప్రాజెక్టు ముందుగా చేపట్టిన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మహిళా సంఘాల పక్కనే వికలాంగుల సంఘాలూ పుట్టాయి. పొదుపు పేరుకే, తీర్మానం రాయడం, మండలాఫీసుకు కలిసి పోవడం, అధికారి ముందు కూర్చుని మాట్లాడడం చాలామంది అక్కడే నేర్చుకున్నారు. నా దృష్టిలో ఈ జిల్లాల్లో వికలాంగులకు పౌర విద్య అంటూ జరిగింది ఏమైనా ఉంటే ఇదే.

తర్వాత వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం క్యాంపులు వచ్చాయి. పర్సంటేజీ 40 దాటిందా లేదా అన్నదే పెద్ద ప్రశ్నయింది. తెలంగాణ సర్కారు ఆసరా పథకం కింద 2014లో 1,500 రూపాయలైన వికలాంగుల పింఛను 2019లో 3,016కి, 2023లో 4,016కి పెరిగింది. అవసరమైన డబ్బే, కాదనను. కానీ సంఘం మీటింగులో మాటంతా దాని చుట్టూనే తిరిగింది. పింఛను రోజు పోస్టాఫీసు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది: వేలిముద్ర వికలాంగుడిది, నోట్లు లెక్కపెట్టుకునే చెయ్యి వెంట వచ్చిన వాళ్లది. పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉంటుందని ఎవరూ అడగరు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త వికలాంగుల హక్కుల చట్టంలో ఆ ప్రశ్నకు జవాబుంది. సెక్షన్ 7 ప్రకారం హింస, దోపిడీ జరుగుతున్నాయని తెలిసిన ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పొచ్చు. మన ఊళ్లలో ఆ మేజిస్ట్రేట్ తహసీల్దారే. గొడవలు చేయమని పూచీ రాసిచ్చే బైండోవర్ కేసులకు ఆయన ముందు నిలబడాలని అందరికీ తెలుసు, దీనికి పోవచ్చని మాత్రం తెలియదు. ఫిర్యాదు తీసుకున్న పోలీసులు ఉచిత న్యాయ సహాయం గురించి కూడా చెప్పాలి. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు కావాలని తిండీ నీళ్లూ పెట్టకపోవడం సెక్షన్ 92 కింద నేరం, శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. లైంగిక దాడి కేసుల్లో వికలాంగ మహిళ వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో తీసుకోవాలన్న నియమం 2013 నుంచే ఉంది. సైగల భాష తెలిసినవాళ్లు అవసరమైతే వాళ్లను పిలిపించాలి, వీడియో తీయాలి.

పాలమూరులో ఈ చట్టం తెలియడం మరీ అవసరం. ఇంట్లో వయసున్నవాళ్లు పుణె, ముంబై పనులకు పోతే, మాట రాని చెల్లెలో, లేవలేని అన్నో ముసలి తల్లిదండ్రుల మీదే ఆధారపడి బతకాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం వైపు ఊళ్లు మునిగాయి. అలాంటప్పుడు ఎవరిని ముందు బయటికి తేవాలో తెలియాలంటే జాబితా కావాలి. జిల్లాలోని వికలాంగుల వివరాలు విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలని, ముప్పు వస్తే వాళ్లకు తెలియజేయాలని అదే చట్టంలోని సెక్షన్ 8 చెబుతోంది. ఆ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. జాబితా కొత్తగా తయారు చేయాల్సిన పని కూడా లేదు. పింఛన్ల లెక్క ఊరూరికీ ఉంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటు కోసం 12డి ఫారాలు పట్టుకుని బూత్ స్థాయి అధికారులు (బీఎల్ఓలు) వికలాంగుల గడపలు తొక్కారు కూడా.